వివేకవర్ధని సంపాదకులు వీరేశలింగం పంతులుగారు

తన ఊరి దోషాన్ని తన ఊరివారి ఎదుటనే వ్రాసి చూపడం సామాన్యమైన పని కాదు. దూరాన ఉన్నవారిని నిందించడం సులభం. ఇరుగుపొరుగును, బంధువర్గాన్ని, అధికారులను నొప్పించి నిలబడడమే దుష్కరం. గోదావరీ మండలంలో అట్టి ధైర్యానికి మార్గదర్శకులు కందుకూరి వీరేశలింగం పంతులుగారు. వారి చరిత్రను మా విద్యార్థులకు సంగ్రహంగా విన్నవించదలచాము.

పంతులుగారు 1848 ఏప్రిల్ 16న రాజమహేంద్రవరంలో జన్మించారు. నాలుగేండ్ల ప్రాయంలోనే తండ్రి గతించగా, పెదతండ్రి పోషణలో పెరిగారు. కోరంగిలోను, ధవళేశ్వరంలోను ఉపాధ్యాయులుగా పనిచేశారు. తొలుత పండితులు మెచ్చే కవిత్వమే వ్రాశారు. పెదవులు తగలని అక్షరాలతో, అచ్చతెలుగులో నలకథను రచించారు. కాని అట్టి విద్వత్తు కొద్దిమందికే అందుతుంది. లోకానికి చెప్పవలసిన మాట ఉన్నప్పుడు సులభమైన వచనమే శరణ్యం.

1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల స్థాపించారు. ఆ ఏడాది అక్టోబరులోనే వివేకవర్ధని పత్రికను వెలువరించారు. మొదట దానిని మద్రాసులో అచ్చు వేయించి తెప్పించవలసి వచ్చేది. న్యాయస్థానాలలోని లంచగొండితనాన్ని, కూటసాక్ష్యాలను, బాల్యవివాహాలను, కన్యాశుల్కాన్ని ఆ పత్రిక ఎండగట్టింది. స్త్రీవిద్యను వ్యతిరేకించిన కొక్కొండ వెంకటరత్నం పంతులుగారితో వాదం నడిపింది. 1876లో హాస్యసంజీవని దానికి తోడైంది. కోపంతో కాని పని కొంత నవ్వుతో నెరవేరింది. ఉత్తరదేశంలో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1870లో ఉర్దూలో తహ్‌జీబుల్ అఖ్లాఖ్ పత్రికను ప్రారంభించిన సంగతి ఇక్కడ స్మరణీయం. భాషలు వేరైనను ఆ తరం గ్రహించిన సత్యం ఒక్కటే.

వితంతు వివాహాన్ని 1856లోనే చట్టం అనుమతించింది. అయినను సంఘం అంగీకరించలేదు. పంతులుగారు 1879లో ఆ విషయమై బహిరంగోపన్యాసం చేశారు. 1881 డిసెంబరు 11న తమ ఇంటనే మొదటి వివాహం జరిపించారు. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయం చేశారు. విద్యార్థులు అండగా నిలిచారు. సంఘం వెలివేసింది. వంటవారు, నీళ్లు మోసేవారు మానుకోగా, సతీమణి రాజ్యలక్ష్మమ్మగారు ఆ భారమంతా వహించారు. వ్రాసినవాని కీర్తిలో ఇల్లాలి శ్రమ ఎంతయో లోకం లెక్కించదు.

మన పెద్దాపురానికి సంబంధించిన అంశం ఒకటి ఉన్నది. జమీందారుల కాలంనుండి ఈ ఊరు కలావంతుల నాట్యగానాలకు ప్రసిద్ధి. పెళ్లిళ్లలో మేజువాణి పెట్టించే పెద్దల ఆచారాన్ని పంతులుగారు తీవ్రంగా ఖండించారు. ఆ ఖండన అవసరమైనదే. అయితే మేజువాణి పెట్టించిన పెద్దలు కాలక్రమాన గౌరవంగానే నిలిచారు. అపకీర్తి మాత్రం ఆడిన స్త్రీలకు, వారి సంతతికి, చివరకు ఊరి పేరుకు అంటుకొన్నది. ఆ స్త్రీల విద్య, జీవనోపాధి ఏమి కావలెనన్న ప్రశ్నకు ఆనాటి వ్రాతలలో తగిన చోటు దొరకలేదు.

కవయిత్రి ముద్దుపళని కావ్యాన్ని పంతులుగారు అసభ్యమని నిరసించగా, ఆ కళాకుటుంబాలలో పుట్టిన బెంగుళూరు నాగరత్నమ్మగారు 1910లో దానిని సంపూర్ణంగా ముద్రించి సమాధానమిచ్చారు. ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం 1947లో తొలగింది. కలానికి కలమే సమాధానం చెప్పిన ఈ ఘట్టం పంతులుగారి గౌరవాన్ని తగ్గించదు. ఎవరిని గురించి వ్రాస్తామో వారి మాట కూడ వినవలెనని మాత్రం నేర్పుతుంది.

పంతులుగారు 1919 మే 27న మద్రాసులో పరమపదించారు. అంతకుముందే తమ ఆస్తిని హితకారిణీ సమాజానికి అప్పగించారు.

విద్యార్థులారా! మురుగుకాలువ మొదలు వరకట్నం వరకు మన వీధులలో వ్రాయదగిన విషయాలు కొల్లలు. సత్యాన్ని విచారించి, పేరు దాచుకొనక, బలహీనుని గాయపరచక వ్రాయండి. పంతులుగారికి మనం చెల్లించగల నివాళి అదియే.