చీమలతో యుద్ధం చేసిన సైంటిస్టు



ఈ నెల పరిచయం చేస్తున్న సైంటిస్టు 14 ఏళ్లకే బడి మానేశారు. పేరు ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలెస్, 1823లో వేల్స్‌లో పుట్టారు. ఇంట్లో డబ్బుకు ఇబ్బందై అన్నయ్యల దగ్గరికి వెళ్లి భూముల సర్వే పని నేర్చుకున్నారు. 1844లో ఇంగ్లాండ్‌లోని లెస్టర్‌లో స్కూల్ టీచరయ్యారు. ఈ మాట రాస్తుంటే నాకు కాస్త గర్వంగానే ఉంది! ఆ ఊళ్లోనే హెన్రీ బేట్స్ అనే స్నేహితుడు ఆయనకు పెంకు పురుగులు సేకరించే పిచ్చి పట్టించాడు.

1848లో ఇద్దరూ అమెజాన్ అడవులకు వెళ్లారు. అక్కడికి వచ్చిన తమ్ముడు జ్వరంతో చనిపోయాడు. 1852లో వాలెస్ తిరిగొస్తున్న ఓడ నడిసముద్రంలో తగలబడింది. తనకోసం దాచుకున్న పురుగులు, పక్షులు అన్నీ పోయాయి. మిగిలింది ఒక రేకు పెట్టెలో కొన్ని బొమ్మలు, కాగితాలు. పది రోజులు నీళ్లు కారే పడవల్లో గడిపాక ఇంకో ఓడ వచ్చి కాపాడింది.

అంత జరిగినా 1854లో మళ్లీ బయల్దేరారు. ఈసారి ఇప్పటి మలేషియా, ఇండోనేషియా దీవులకు. ఎనిమిదేళ్లు అక్కడే.

పురుగును పట్టడం కంటే దాన్ని పాడవకుండా దాచడమే కష్టం. ఆరబెట్టే బల్ల నాలుగు కాళ్ల కింద నీళ్లు పోసిన కొబ్బరి చిప్పలు పెట్టేవారు. మన అమ్మమ్మలు మిఠాయి డబ్బాను నీళ్ల పళ్లెంలో పెట్టినట్టే! అయినా న్యూగినీలో నల్ల చీమలు అట్టకు అంటించిన పురుగుల్ని ఆయన కళ్లముందే ఊడబీక్కుని పోయేవి. అలాంటి చోట నుంచి 1,25,660 స్పెసిమెన్లు తెచ్చారు. అందులో 83,200 పెంకు పురుగులే.

జీవపరిణామం గురించి 1858లో డార్విన్‌కు పంపిన వ్యాసం సంగతి పిల్లల టెక్స్ట్‌బుక్‌లో ఉంటుంది. నాకు నచ్చింది మాత్రం ఆయన లేబుళ్లు. మొన్న మా క్లాస్ పిల్లలు సీతాకోకచిలుకను చార్టుకు గమ్‌తో అంటించి తెచ్చారు. ఎక్కడ దొరికిందంటే ఎవరికీ గుర్తులేదు. వాలెస్ ఏ దీవిలో దొరికిందో రాసి పెట్టబట్టే, పక్కపక్కనే ఉన్న బాలి, లాంబాక్ దీవుల జంతువుల మధ్య అంత తేడా ఉందని చూపించగలిగారు.

ఇప్పుడైతే డీఎన్‌ఏ కోసం పురుగుల్ని గాఢమైన ఆల్కహాల్‌లో వేసి చల్లగా ఉంచుతారు. సూదికి గుచ్చిన పాత పురుగైనా, ఒక్క కాలు తీసి డీఎన్‌ఏ పరీక్ష చేసే వీలుంది. వాలెస్ 1913లో, 90 ఏళ్ల వయసులో కన్నుమూశారు. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఆయన పురుగులు ఇంకా ఉన్నాయి, సూది కింద ఆ చిన్న గుండ్రటి లేబుళ్లతో సహా.