తుప్పుకు లొంగని ఉక్కు – హారీ బ్రియర్లీ

మా నాన్న మోటారు సైకిలు సైలెన్సరుకు ప్రతి వానాకాలం తుప్పు పడుతుంది. ఎమెరీ కాగితంతో రుద్ది, వేడికి తట్టుకునే వెండిరంగు నేనే వేస్తాను. పొలం బురదలో నాలుగు నెలలు తిరిగేసరికి పొక్కులు లేచి రాలిపోతుంది. అప్పుడల్లా నాకు బ్రియర్లీ గుర్తొస్తాడు.

ఇంగ్లండులోని షెఫీల్డులో 1871లో పుట్టాడాయన. తండ్రి ఉక్కు కరిగించే కార్మికుడు. పన్నెండేళ్లకే బడి మానేసి, ఫర్త్ వారి ఉక్కు కర్మాగారం లాబొరేటరీలో సీసాలు కడిగాడు. రసాయన శాస్త్రం సాయంత్రాలు కూచుని నేర్చుకున్నదే. 1908లో పరిశోధనశాలకు అధిపతి అయ్యాడు. (మనమేమో ప్రాక్టికల్ రికార్డు పక్కవాడిది చూసి రాస్తాం!)

వేడి వాయువులకు తుపాకి గొట్టాలు లోపల అరిగిపోతున్నాయి, సంగతి చూడమని 1912లో ఆయనకు పని అప్పగించారు. సైలెన్సరు కష్టమూ దానికి దగ్గరిదే, తేమ అదనం. 1913 ఆగస్టులో పోయించిన ఉక్కులో క్రోమియం 12.8 శాతం. సూక్ష్మదర్శిని కింద చూద్దామని ఆసిడ్ పూస్తే అది లొంగలేదు. వెనిగరూ, నిమ్మరసమూ ఏమీ చేయలేకపోయాయి. క్రోమియం ఆక్సిజన్‌తో కలిసి కంటికి కనపడని పొర కడుతుంది. గీత పడితే మళ్లీ తనే కట్టుకుంటుంది. నా వెండిరంగుకు చేతగానిది అదే.

కత్తులు చేయిద్దామంటే యజమానులు పెద్దగా పట్టించుకోలేదు. తెగని కత్తులంటూ కత్తుల పనివాళ్లు నవ్వారు. హక్కుల తగాదాతో 1915లో ఫర్త్ వదిలేశాడు. ఈ తగాదాలో నేను ఆయన పక్షమే. 1920లో బెస్సెమర్ బంగారు పతకం వచ్చింది. 1948లో పోయాడు.

ఇప్పుడు చాలా బండ్లకు క్రోమియం ఉక్కు గొట్టాలే. మాది పాత బండి. ఈ ఆదివారం మళ్లీ ఎమెరీ కాగితం కొనాలి.