బొమ్మల నగరాలకు ప్రాణం పోసిన కళాకారుడు: ఎయిజీ త్సుబురాయా

పిల్లల కోసం చేసే పనిని పెద్దలు తరచు చిన్న పనిగా ఎంచుతారు. బాలసాహిత్యమైనా, బొమ్మల తయారీ అయినా, బాలల చలనచిత్రమైనా పండితుల సభలో దానికి పీట వేసేవారు అరుదు. అందులోనూ ఒక ఆదివారం సాయంకాలం అరగంటసేపు కనిపించి మాయమయ్యే టెలివిజన్ కార్యక్రమం సంగతి చెప్పనక్కరలేదు. అటువంటి అరగంట కార్యక్రమాన్ని కూడ శిల్పం వలె శ్రద్ధగా చెక్కినవాడు, అందుకై నష్టాలను భరించినవాడు జపాను దేశీయుడైన ఎయిజీ త్సుబురాయా. ఆయన మరణించి అర్ధశతాబ్దం దాటినది. అయినా ఆయన సంస్థ నిర్మించిన 'అల్ట్రా' వీరగాథలు నేడు డిస్కుల సంపుటాలుగా దేశదేశాల ఇండ్లలో, పుస్తకాల బీరువాలలో, గ్రంథాలతో సమానంగా స్థానం పొందినవి. ఒక్క సాయంకాలం కోసం పుట్టినది తరతరాల ఆస్తిగా ఎట్లు మారినదో తెలుసుకొనవలెనన్న ఆయన జీవితాన్ని మొదటినుండి పరిశీలించవలసి ఉన్నది.

త్సుబురాయా 1901వ సంవత్సరం జులై నెలలో ఫుకుషిమా మండలంలోని సుకగావా అనే చిన్న పట్టణంలో జన్మించినాడు. అతని మూడవ యేటనే తల్లి మరణించినది. తండ్రి ఆ ఇల్లు విడిచి వెళ్ళిపోయినాడు. అవ్వ, మేనమామ ఆ పసివానిని పెంచి పెద్దచేసినారు. 1910లో జపాను గడ్డపై మొదటి విమానం ఎగిరినది. ఆ వార్త తొమ్మిదేండ్ల బాలుని మనస్సులో చెరగని ముద్ర వేసినది. నాటినుండి కర్రముక్కలతో విమానాల నమూనాలు చేయడమే అతని ఆట, అదే చదువు. 1916లో హనేడాలోని విమానచోదక పాఠశాలలో చేరినాడు. కాని మరుసటి యేడే ఆ పాఠశాల వ్యవస్థాపకులలో ఒకడైన శిక్షకుడు ప్రమాదంలో మరణించగా పాఠశాల మూతపడినది. గగనవిహారం కలగానే మిగిలిపోయినది. అటుపిమ్మట టోక్యోలో విద్యుచ్ఛాస్త్రం చదువుతూ, ఒక బొమ్మల కంపెనీకి కొత్త ఆటవస్తువులు కల్పించి యిస్తూ జీవనం గడిపినాడు. విమానాల మీద మోజు, విద్యుత్తులో పరిజ్ఞానం, బొమ్మల తయారీలో నేర్పు అనే ఈ మూడింటికీ ఒకదానితో ఒకటి పొత్తు లేనట్లు తోచవచ్చును. కాని ముందుముందు ఈ మూడూ ఒక్కచోటనే కలిసినవి.

1919లో ఆయన చలనచిత్రరంగంలో ప్రవేశించి కెమెరా పని నేర్చినాడు. సైన్యంలో విధిగా చేయవలసిన సేవ ముగించుకొని తిరిగి వచ్చి, 1926లో కినుగాసా దర్శకత్వంలో వెలువడిన 'ఒక ఉన్మాద పుట' అనే ప్రసిద్ధ మూకచిత్రానికి సహాయ ఛాయాగ్రాహకుడుగా పనిచేసినాడు. 1930లో మసానో అనే యువతిని వివాహమాడినాడు. 1933లో అమెరికా చిత్రం 'కింగ్ కాంగ్' జపానుకు వచ్చినది. ప్రేక్షకులు ఆ మహావానరాన్ని చూసి భయపడినారు, ఆనందించినారు, ఇండ్లకు పోయినారు. త్సుబురాయా మాత్రం ఆ చిత్రం ప్రతిని సంపాదించి, ఒక్కొక్క చట్రాన్నే ముందు పెట్టుకొని, ఆ మాయ వెనుకనున్న కిటుకును పరిశోధించినాడు. ఈ విషయమై పాఠం చెప్పే గురువు నాడు జపానులో లేడు. ఫిల్ము చుట్టయే ఆయనకు పాఠ్యగ్రంథమైనది. 1937లో తోహో సంస్థ ఆయనకు ప్రత్యేక చిత్రీకరణ శాఖను అప్పగించినది. జపాను భాషలో 'తోకుసాత్సు' అని పిలువబడే విద్యకు పునాది ఈ విధంగా పడినది.

ఆయన జీవితంలో ఒక చీకటి అధ్యాయం కూడ లేకపోలేదు. యుద్ధకాలంలో ప్రభుత్వం చలనచిత్రాలను ప్రచారసాధనంగా వాడుకొన్నది. 1942లో విడుదలైన 'హవాయి, మలయా సముద్ర యుద్ధం' అనే చిత్రానికి పెర్ల్ హార్బరు దాడిని ఆయన నమూనాలతో పునఃసృష్టించినాడు. ఆ దృశ్యాలు నిజమైన యుద్ధచిత్రాలేమోనని చూసేవారు పొరపడేంత సహజంగా ఉన్నవి. ఆ నైపుణ్యమే తరువాత ఆయనకు శాపమైనది. యుద్ధానంతరం జపానును పాలించిన ఆక్రమణ అధికారులు యుద్ధప్రచారంలో పాల్గొన్నవారిని ఉద్యోగాలనుండి తొలగించినప్పుడు, 1948లో త్సుబురాయా కూడ తోహోను వీడవలసి వచ్చినది. నలుబదియేడేండ్ల వయస్సులో, సంసారభారంతో, ఆయన తన ఇంటనే చిన్న ప్రయోగశాల పెట్టుకొని ఇతర సంస్థల చిల్లర పనులు చేసి పొట్టపోసుకొన్నాడు. విద్యకు విలువ దానిని వినియోగించే పనినిబట్టి ఏర్పడుతుందనే సత్యానికి ఈ ఘట్టం ఒక నిదర్శనం.

1950 దశకారంభంలో ఆయన మరల తోహోకు చేరినాడు. 1954 మార్చి 1వ తేదీన బికినీ దీవిలో అమెరికా జరిపిన హైడ్రోజన్ బాంబు పరీక్షవలన ఒక జపాను చేపలపడవ మీద విషధూళి కురిసి, అందులోని జాలరులు అస్వస్థులైనారు. హిరోషిమా, నాగసాకి గాయాలు మానని దేశానికి అది మరొక పుండు. ఆ భయంనుండి పుట్టిన చిత్రమే అదే సంవత్సరం నవంబరు 3న విడుదలైన 'గాడ్జిల్లా'. ఇషిరో హోండా దానికి దర్శకుడు, తొమోయుకి తనాకా నిర్మాత. ఆ భీకరమృగానికి రూపం కల్పించే భారం త్సుబురాయాది. కింగ్ కాంగ్ వలె బొమ్మను చట్రం చట్రంగా కదిలించి తీయవలెనన్న సమయమూ లేదు, ధనమూ లేదు. కనుక మనిషికి రబ్బరు తొడుగు వేసి, ఇరువదియైదవ వంతు పరిమాణంలో కట్టిన టోక్యో నగరం నడుమ నడిపించినారు. మొదటి తొడుగు నూరు కిలోలకు పైబడిన బరువుతో అడుగు తీసి అడుగు వేయనీయలేదు. హరువో నకాజిమా అనే నటుడు ఆ తొడుగులో దీపాల వేడిమికి ఉడికిపోతూ నటించినాడు. సుమారు 96 లక్షలమంది టిక్కెట్లు కొని ఆ చిత్రాన్ని తిలకించినారు.

ఇక్కడ విజ్ఞానశాస్త్ర విద్యార్థులు గమనించదగిన విషయం ఒకటున్నది. యాభై మీటర్ల ఎత్తునుండి పడే వస్తువు నేలను చేరడానికి సుమారు 3.2 సెకన్లు పడుతుంది. అదే దృశ్యాన్ని రెండు మీటర్ల నమూనాలో చూపినచో సుమారు 0.64 సెకనులోనే పడిపోతుంది. చూసేవానికి అది బొమ్మ అని ఇట్టే తెలిసిపోతుంది. పరిమాణం ఇరువదియైదవ వంతైనప్పుడు కాలం దాని వర్గమూలమైన ఐదవ వంతుకు తగ్గుతుంది. కనుక కెమెరాను మామూలుకంటె అనేక రెట్లు వేగంగా నడిపి, తీసిన ఫిల్మును సాధారణ వేగంతో ప్రదర్శించినచో ఆ బొమ్మకే పర్వతమంత బరువు వచ్చినట్లు కనబడుతుంది. త్సుబురాయా మాయలో మంత్రం లేదు. ఉన్నది భౌతికశాస్త్రమూ, ఓర్పూ మాత్రమే.

1963లో ఆయన స్వంత సంస్థను స్థాపించినాడు. నాటికి టెలివిజన్ జపానులో ఇంటింటా ప్రవేశించినది. రెండు మూడు దృశ్యాలను ఒక్క చిత్రంగా కలిపే ఖరీదైన ఆప్టికల్ ప్రింటరు యంత్రాన్ని ఆయన అమెరికానుండి తెప్పింపబూనినాడు. దాని ధర ఆ చిన్న సంస్థ తాహతుకు మించినది. చివరకు టీబీఎస్ టెలివిజన్ సంస్థ ఆ యంత్రాన్ని కొనుటతో గండం గడిచినది. 1966 జనవరి 2న 'అల్ట్రా క్యూ' ప్రసారం ఆరంభమైనది. దాని 28 భాగాలను సినిమాహాళ్ళకు వాడే 35 మిల్లీమీటర్ల ఫిల్ము మీదనే తీసినారు. ప్రసారం మొదలుకాకముందే చిత్రీకరణ యావత్తూ ముగించినారు. టెలివిజన్ కోసం అంత శ్రమ, అంత వ్యయం ఎందుకని అడిగేవారికి ఆ ఫలితమే సమాధానమైనది.

అదే సంవత్సరం జులైలో రంగులలో 'అల్ట్రామాన్' వచ్చినది. దూరపు నక్షత్రలోకంనుండి వచ్చిన వెండి ఎరుపు వన్నెల మహావీరుడు మానవులకు అండగా నిలిచి రాక్షసమృగాలను ఎదుర్కొంటాడు. భూమి మీద అతడు నిలువగలిగేది మూడు నిమిషాలే. గడువు దగ్గరపడినకొద్దీ వక్షస్థలంలోని దీపం మినుకుమినుకుమంటుంది. సర్వశక్తిమంతుడైన వీరునికి కూడ కాలం హద్దు గీసియుండుట ఆ కథలోని గొప్ప అందం. ఒకినావా కుటుంబానికి చెందిన తెత్సువో కింజో కథారచనకు ముఖ్యుడు. వీరుని రూపాన్ని తోరు నరీతా తీర్చినాడు. జ్యేష్ఠ పుత్రుడు హజిమె దర్శకులలో ఒకడు. దేశంలోని టెలివిజన్ ప్రేక్షకులలో సగటున 30 శాతానికి పైగా దానిని చూసేవారు. అయినను 1967 ఏప్రిల్‌లో 39 భాగాలతో దానిని ముగించవలసి వచ్చినది. ఆదరణ తగ్గి కాదు, వారం వారం అంతటి నాణ్యతతో చిత్రాలను అందించడం మనుష్యమాత్రులకు సాధ్యం కాక. ఆ తరువాత 49 భాగాల 'అల్ట్రాసెవెన్' 1968 సెప్టెంబరు వరకు సాగినది. వచ్చిన ఆదాయం ఖర్చుకు చాలలేదు. 1968 చివర సంస్థ సిబ్బందిని తగ్గించుకొనవలసి వచ్చినది.

మరొకరైతే చౌకపని చేసి లాభం గడించియుందురు. ఆ చౌకపని నేడు మిగిలియుండేదా అన్నదే ప్రశ్న. ఆ కాలంలో వీడియో టేపు మిక్కిలి ఖరీదైనది. అందువలన ప్రసారం కాగానే పాత కార్యక్రమాన్ని చెరిపి అదే టేపు మీద కొత్తది ముద్రించడం టెలివిజన్ సంస్థలకు పరిపాటి. ఈ విధంగా జపానులోనూ ఇతర దేశాలలోనూ నశించిన కార్యక్రమాలు కోకొల్లలు. త్సుబురాయా చిత్రాలు ఫిల్ము మీద ఉండుటవలన బ్రతికినవి. 1970 దశకంలో వీడియో క్యాసెట్ యంత్రాలు ఇండ్లకు వచ్చినవి. పునఃప్రసారం కోసం ఎదురుచూసిన తరం ఇక తన ఇష్టం వచ్చిన వేళ చూడగలిగినది. క్యాసెట్ల తరువాత లేజర్ డిస్కులు, ఆపై డీవీడీలు, బ్లూ రేలు వచ్చినవి. పరికరం మారినప్పుడల్లా మూలఫిల్మునుండి మరింత స్పష్టమైన ప్రతిని తీయుటకు వీలైనది. 2019లో 'అల్ట్రా క్యూ' నాలుగు రెట్ల సూక్ష్మతతో జపానులో వెలువడినది. అదే సంవత్సరం అమెరికాలో 'అల్ట్రా క్యూ', 'అల్ట్రామాన్' సంపూర్ణ సంపుటాలు వచ్చినవి. 1966లో చిన్న గాజుతెర మీద ఎవరికీ కనబడని కుంచెగీతలు, నమూనా భవనాల కిటికీ తెరలు ఇప్పుడు కనబడుతున్నవి. ఎవరూ చూడరని తెలిసి కూడ శ్రద్ధగా చేసిన పనికి అర్ధశతాబ్దం తరువాత సాక్షులు దొరికినారు.

ఈ సంపుటాలలో ఒక ఖాళీ కూడ ఉన్నది. 'అల్ట్రాసెవెన్'లోని పన్నెండవ భాగం వాటిలో లేదు. అందులోని గ్రహాంతరవాసిని ఒక బాలల పత్రిక అణుబాంబు బాధితులను సూచించే పేరుతో పేర్కొనగా, 1970లో బాధితుల సంఘాలు నిరసన తెలిపినవి. సంస్థ ఆ భాగాన్ని ఉపసంహరించుకొన్నది. నాటినుండి నేటివరకు అది ఇంటి వీడియోలకు ఎక్కలేదు. 49 భాగాల కథ 48 భాగాలుగానే అమ్ముడుపోతున్నది. వినోదం కన్న మనిషి వేదన గొప్పదని ఆ ఖాళీ మౌనంగా తెలుపుతున్నది.

మన దేశపు పురాణపురుషునికీ ఈ గాథలతో చుట్టరికమున్నది. త్సుబురాయా సంస్థ, థాయిలాండులోని ఛాయో సంస్థ కలిసి నిర్మించిన 1974 నాటి చిత్రంలో హనుమంతుడు అల్ట్రా వీరుల సరసన పోరాడినాడు. అయితే 1976 నాటిదని చెప్పబడిన ఒక పత్రం కారణంగా విదేశీ హక్కులపై రెండు సంస్థల నడుమ దీర్ఘకాలం వ్యాజ్యాలు నడిచినవి. 2018లో అమెరికా న్యాయస్థానం జపాను సంస్థ పక్షాన తీర్పు చెప్పిన పిమ్మటనే 2019 నాటి ఆ సంపుటాలు అక్కడ వెలువడినవి. 1980 దశకంలో మన దూరదర్శన్‌లో 'జయంట్ రోబోట్' చూసి మురిసిన తెలుగు బాలలు ఎందరో ఉన్నారు. అది వేరొక సంస్థవారి నిర్మాణమైనా, 'అల్ట్రామాన్' తెరచిన బాటలో నడిచినదే.

ఎడతెగని శ్రమవలన త్సుబురాయా గుండె బలహీనపడినది. 1970 జనవరి 25న ఇతో పట్టణంలోని విశ్రాంతి గృహంలో, తన 68వ యేట, ఆయన హృద్రోగంతో మరణించినాడు. జపాను తొలి విమానచోదకుల గురించి ఒక చిత్రం తీయవలెనన్న ఆయన చిరకాలవాంఛ తీరలేదు. ఆయన 1935లో కెమెరా పట్టిన 'కగుయా రాకుమారి' చిత్రం నశించినదనే అందరూ తలచినారు. దాని కుదించిన ప్రతి ఒకటి బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో దొరికి, 2021లో జపానులో ప్రదర్శితమైనది. సుకగావాలో 2019లో ఆయన పేర మ్యూజియం, 2020లో ప్రత్యేక చిత్రీకరణకు వాడిన నమూనాలను భద్రపరచే నిలయం వెలసినవి. తల్లి లేని పిల్లవాడు కర్రవిమానాలు చెక్కుకొన్న ఆ ఊరి వీధులలో నేడు అల్ట్రా వీరుల విగ్రహాలు నిలిచియున్నవి.

విద్యార్థి మిత్రులారా! ఆకాశానికి ఎగురవలెనన్న కోరిక విఫలమైనప్పుడు త్సుబురాయా చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. చేతికి అందిన పని చిన్నదని నిర్లక్ష్యం చేయలేదు. ఎవరు మెచ్చుకొంటారని గాక, పని తనంత తాను నిలువగలదా అని చూసుకొన్నాడు. పరీక్ష ముగియగానే మరచిపోయే చదువుకూ, జీవితాంతం తోడుండే చదువుకూ గల భేదం ఇదియే. చెరిపివేయబడే టేపుగానో, తరాలు దాటే ఫిల్ముగానో మన పనిని మలచుకొనడం మన చేతిలోనే ఉన్నది.