గ్రెచ్చో కొండమీద బెత్లెహేము

డిసెంబరు వచ్చిందంటే మన విచారణల్లో యువకులు వెదురుబద్దలు, వరిగడ్డి సమకూర్చుకుని పశువుల పాక కట్టే పనిలో పడతారు. ఈ ఆచారం సువిశేషంలో ఉన్నదా, పెద్దలు కల్పించినదా అని అడిగేవారూ ఉన్నారు. దీనికి జవాబు చెప్పాలంటే అస్సీసిపుర పునీత ఫ్రాన్సిసువారి జీవితం చెప్పుకోవాలి.

ఇటలీ దేశంలోని అస్సీసి పట్టణంలో, బట్టల వర్తకుడైన పియెత్రో బెర్నర్దోనే ఇంట సుమారు 1182లో ఆయన జన్మించారు. పాతికేళ్ల వయసులో తండ్రి దుకాణంలోని బట్టలను, గుర్రాన్ని అమ్మి, ఆ సొమ్ము పాడుబడిన సాన్ దమియానో దేవాలయం మరమ్మతుకు ఇవ్వబోయారు. తండ్రి ఆయనను ఇంట్లోనే బంధించాడు. మన నేలకొండపల్లి వారికి ఈ కథ వింతగా తోచదు. ఈ ఊళ్లో పుట్టిన కంచెర్ల గోపన్నగారు సర్కారు శిస్తు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించి గోల్కొండ చెరసాల పాలైన సంగతి ఇక్కడి పిల్లలకు కూడా తెలుసు. భక్తి ఎంత గొప్పదైనా పరుల సొమ్ముకు లెక్క చెప్పవలసిందే గదా! ఫ్రాన్సిసువారు మేత్రాణులవారి ఎదుట ఆ డబ్బుతోపాటు ఒంటిమీది బట్టలు కూడా విప్పి తండ్రికి ఇచ్చివేశారు. ఆనాటినుండి పేదరికమే ఆయన ఆస్తి.

1219లో సిలువయుద్ధం జరుగుతూండగా ఆయన ఆయుధం లేకుండా ఈజిప్టు వెళ్లి సుల్తాను అల్ కామిల్‌ను కలుసుకున్నారు. ఆ యుద్ధాలన్నీ ప్రభువు పుట్టిన, మరణించిన పుణ్యభూమి కోసం. నాలుగేళ్ల తర్వాత, 1223 నవంబరు 29న, జగద్గురువులు మూడవ హొనోరియుస్ ఆయన సభ నియమావళిని ఆమోదించారు. నెల తిరగకముందే క్రిస్మస్ వచ్చింది.

రియేతి లోయలో గ్రెచ్చో అనే చిన్న కొండ ఊరుంది. పండుగకు సుమారు పదిహేను రోజుల ముందు ఆ ఊరి పెద్ద జొవాన్నిని పిలిపించి ఫ్రాన్సిసువారు కోరినది కొంచెమే: ఒక తొట్టి, అందులో ఎండుగడ్డి, ఒక ఎద్దు, ఒక గాడిద. దివ్యబాలుడు పడిన ఇబ్బందిని కళ్లారా చూడాలన్నది ఆయన ఆశ. ఆ రాత్రి ఊరివారు దివిటీలు, కొవ్వొత్తులు పట్టుకుని కొండెక్కారు. గురువు ఆ తొట్టి మీదనే దివ్యబలిపూజ అర్పించారు. ఫ్రాన్సిసువారు గురుపట్టం తీసుకోలేదు, డీకనుగానే ఉండిపోయారు. కనుక ఆయన సువిశేషం గానం చేసి, ప్రసంగించారు. కొద్ది సంవత్సరాల్లోనే ఆయన చరిత్ర రాసిన చెలానో తోమాసు ఆ రాత్రి బొమ్మలున్నట్టు ఎక్కడా చెప్పలేదు. తొట్టిలో ఒక పసివాడు ప్రాణం లేనట్టు పడి ఉండగా ఫ్రాన్సిసువారు వెళ్లి నిద్రలేపినట్టు ఒక భక్తునికి దర్శనం కలిగిందని మాత్రం రాశారు. ఎందరో హృదయాల్లో మరుగునపడిన బాలయేసు మేల్కొన్నాడని తోమాసు దానికి అర్థం చెప్పారు.

మరి ఎద్దు, గాడిద ఎక్కడివి? పునీత లూకా తొట్టిని గురించి చెప్పారే గాని (2:7) పశువుల పేరెత్తలేదు. అవి యెషయా ప్రవక్త నుండి వచ్చాయి (1:3). ఎద్దుకు తన యజమాని తెలుసు, గాడిదకు తన యజమాని తొట్టి తెలుసు, నా ప్రజలకు మాత్రం నేను తెలియదని దేవుడు అక్కడ వాపోతున్నాడు. యెషయా గ్రీకు అనువాదంలో తొట్టికి వాడిన మాట, లూకా వాడిన మాట ఒక్కటే. అందుకే నాలుగవ శతాబ్దపు రోము శవపేటికల మీది శిల్పాల్లోనే ఈ రెండు పశువులూ కనిపిస్తాయి. ఫ్రాన్సిసువారు వాటిని రాతినుండి దింపి ప్రాణంతో నిలబెట్టారు. అవి అలంకారం కాదు, మన మీద ఫిర్యాదు! రంగుబల్బుల ధగధగలో, పాకల పోటీల హడావిడిలో మనం ఆ రెండింటినీ ఒక మూలకు నెట్టేస్తున్నాం. ఇక జ్ఞానుల సంగతి: వారు ఇంట్లో ప్రవేశించారని మత్తయి రాశారు (2:11). కానుకలు మూడు గనుక మనం ముగ్గురిని చేశాం. అందులో తప్పులేదు.

బెత్లెహేము చూడటానికి యుద్ధం అక్కరలేదనీ, ఓడ ఎక్కనక్కరలేదనీ గ్రెచ్చో రైతులకు ఆ రాత్రి తెలిసింది. తొట్టిలోని గడ్డిని వారు దాచుకున్నారు. అది తిన్న జబ్బు పశువులు కోలుకున్నాయని, కష్టకాన్పు స్త్రీలకు అది మేలు చేసిందని తోమాసు రాశారు. 2019 డిసెంబరు 1న జగద్గురువులు ఫ్రాన్సిస్ అక్కడికే వెళ్లి, పశువుల పాకను గురించిన తన లేఖపై సంతకం చేశారు.

ఫ్రాన్సిసువారికి తీరని కోరిక ఒకటుండేది. చక్రవర్తిని కలిస్తే, క్రిస్మస్ నాడు పక్షుల కోసం దారుల వెంట గింజలు చల్లాలని, కొట్టాల్లోని ఎడ్లకు, గాడిదలకు ఆ రోజు మేత ఎక్కువ వేయాలని, ధనవంతులు పేదలకు కడుపునిండా పెట్టాలని ఆజ్ఞ వేయించాలని అనుకునేవారు. గ్రెచ్చో తర్వాత ఆయన చూసిన క్రిస్మసులు రెండే. కంటిచూపు దాదాపు పోయింది. 1226 అక్టోబరు 3 సాయంత్రం, తన కోరిక ప్రకారం కటికనేలమీద పడుకుని ప్రాణం విడిచారు.