సురవరం ప్రతాపరెడ్డిగారు – గ్రామ సంస్కృతీ రక్షణము

తెలంగాణమున తెలుగు భాష తలయెత్తి నిలుచుటకై తమ జీవితమును ధారవోసిన మహనీయులలో కీర్తిశేషులు సురవరం ప్రతాపరెడ్డిగారు అగ్రగణ్యులు. పత్రికా సంపాదకులుగను, పరిశోధకులుగను వారిని ఎఱుగని చదువరి ఉండడు. అయినను ఒక గ్రామ గ్రంథాలయపు రజతోత్సవ సంచికలో వారిని స్మరించుటకు వేరొక హేతువు కలదు. గ్రామము తన పాటను, ఆటను, శాసనమును, కవిని తానే కాపాడుకొనవలెనని, ఎవరో వచ్చి ఆ పని చేయుదురని ఎదురు చూడరాదని వారి జీవితము మనకు బోధించుచున్నది. ఆ దృష్టితో వారి చరిత్రను సంగ్రహముగా విన్నవించుచున్నాను.

ప్రతాపరెడ్డిగారు 1896వ సంవత్సరము మే 28వ తేదీన, నాటి మహబూబునగరము జిల్లాలోని బోరవెల్లిలో, మాతామహుల ఇంట జన్మించిరి. వారి స్వగ్రామము ఇటికాలపాడు. కర్నూలు, హైదరాబాదు, మద్రాసులలో విద్యాభ్యాసము జరిగినది. మద్రాసులో న్యాయశాస్త్ర పట్టమును పొంది కొంతకాలము వకీలు వృత్తి చేసిరి. ఆ వృత్తియందే నిలిచియుండినచో ధనమును పెద్దగా ఆర్జించియుందురు. కాని వారి మనస్సు వేరొక వ్యాజ్యముపై లగ్నమైనది. అది తెలుగువాని ఉనికిని గూర్చిన వ్యాజ్యము.

ఆనాటి పరిస్థితిని నేటి యువకులు ఊహింపజాలరు. నిజాం రాష్ట్రమున రాజభాష ఉర్దూ. 1918లో నెలకొల్పబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునందును బోధనభాష అదియే. 1921 నవంబరులో హైదరాబాదున జరిగిన ఒక సంఘసంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున ప్రసంగింపబోగా సభికులు గేలి చేసిరి. ఆ అవమానమునుండియే ఆంధ్ర జనసంఘము పుట్టినది. ఊరూర గ్రంథాలయములను స్థాపించుట, తాళపత్రములను, శాసనములను సేకరించుట ఆ సంఘము చేపట్టిన పనులలో ముఖ్యమైనవి. ఆ దినములలో పల్లెలలో శిస్తు వసూలు చేయుటకు పటేలు పట్వారీలు కలరు. గ్రంథాలయమును నడుపవలసిన బాధ్యత గల ఎన్నికైన పంచాయతీ మాత్రము లేదు. సభ జరుపవలెనన్న సర్కారు అనుమతి కావలెను. కనుక ఆ భారమంతయు చందాలిచ్చు గ్రామస్థులమీదను, జీతము కోరని కొలదిమంది కార్యకర్తలమీదను పడినది.

ప్రతాపరెడ్డిగారు ఆ కొలదిమందిలో ముందు నిలిచిరి. హైదరాబాదులోని రెడ్డి హాస్టలునకు కార్యదర్శిగా ఉండి అందలి గ్రంథాలయమును పెంపొందించిరి. ఇరువదవ శతాబ్ది మూడవ దశకములో గోలకొండ పత్రికను ప్రారంభించిరి. మొదట అది వారమునకు రెండుమారులు వెలువడెడిది. రచనలు చాలనపుడు తామే పలు మాఱుపేర్లతో వ్రాసి పుటలను నింపెడివారు.

మన ప్రాంతమునకును వారికిని గల సంబంధము చిరస్మరణీయమైనది. 1930లో మొదటి నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ జోగిపేటలో జరిగినది. అప్పటి మెదకు జిల్లాలోని ఆ ఊరు నేడు మన సంగారెడ్డి జిల్లాలో ఉన్నది. ఆ సభకు అధ్యక్షులు ప్రతాపరెడ్డిగారు. అక్కడనే నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతను మహిళా సభయును జరిగినది. రాష్ట్రమునందలి తెలుగువారి మొట్టమొదటి మహాసభ రాజధానిలో గాక జోగిపేటవంటి ఊర జరుగుట మనకు గర్వకారణము. అతిథులకు వసతియు, భోజనమును, పందిరియు సమకూర్చవలసిన ఇట్టి కార్యములు ఊరివారి పూనిక లేనిదే జరుగవు.

అటుపిమ్మట కొంతకాలమునకు నిజాం రాష్ట్రమున తెలుగు కవులే లేరని ఒక పండితుడు వ్రాసెను. ప్రతాపరెడ్డిగారు దానికి కోపముతో ప్రత్యుత్తరము వ్రాసి ఊరకుండలేదు. పత్రికాముఖమున జిల్లాజిల్లాల కవులకు పిలుపునిచ్చి, వారి పద్యములను, వివరములను తెప్పించి, 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. అందు 354 మంది కవులు చోటు చేసికొనిరి. వారిలో పెక్కుమంది పేర్లు అంతవఱకు వారి ఊరి పొలిమేర దాటినవి కావు. లేరన్నమాటకు ఇంతకు మించిన సమాధానము వేఱొకటి లేదు. లెక్కల పుస్తకములతో కాలము గడుపు నావంటివానికి ఈ సంగతి మిక్కిలి నచ్చినది. ఉన్నదానిని వరుసగా వ్రాసి చూపినపుడే అది ఉన్నదని లోకము నమ్మును. వ్రాయని ఆస్తి లేని ఆస్తితో సమానము.

నిజమునకు ఆ పండితునికి మన పటాన్‌చెరువే బదులు చెప్పగలదు. పదునాఱవ శతాబ్దిలో ఇబ్రహీం కుతుబ్‌షా ప్రభుత్వకాలమున పొట్లచెరువను పేరుగల ఈ ఊర అమీనుఖానుడను అధికారి ఉండెను. పొన్నికంటి తెలగనార్యుడు సంస్కృత పదముల పొత్తు లేక అచ్చతెనుగున యయాతి చరిత్రమును రచించి అతనికి అంకితమిచ్చెను. అచ్చతెనుగు కావ్యములలో ఇదియే మొదటిదని విజ్ఞుల మతము. పరమతస్థుడైన ఒక స్థానికాధికారి ఆదరణమువలన తెలుగు భాషకు ఒక క్రొత్త మార్గము తెఱవబడినది. నేడు ఆ మార్గమున లారీలు, కర్మాగారపు బస్సులు ఎడతెగక సాగుచున్నవి. అందు ప్రయాణము చేయువారిలో ఎందఱికి తెలగనార్యుని పేరు తెలియును?

ప్రతాపరెడ్డిగారి మహాగ్రంథము ఆంధ్రుల సాంఘిక చరిత్ర. ఇది 1949లో వెలువడినది. రాజుల యుద్ధములను గాక, ప్రజల తిండి, బట్ట, పండుగ, వర్తకము, వినోదములను వారు చరిత్రగా వ్రాసిరి. కావ్యములను జల్లెడ పట్టి వానియందలి జనజీవితమును వెలికి దీసిరి. పాత కావ్యములందు ఒక ఆట పేరు కనబడును. నిఘంటువు తెఱచిన అది ఒక క్రీడావిశేషమని మాత్రమే ఉండును. ఎట్లాడుదురో చెప్పువారుండరు. ఆడినవారు గతించిరి, వ్రాసినవారు లేరు. ఈ లోటు వారిని మిక్కిలి బాధించినది. 1952లో వనపర్తినుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైన వారు, మఱుసటి సంవత్సరము ఆగస్టు 25వ తేదీన పరమపదించిరి. 1955లో సాహిత్య అకాడమీ తెలుగునకు ఇచ్చిన తొలి బహుమానము వారి మరణానంతరము ఈ గ్రంథమునకే లభించినది.

ఇక మన కర్తవ్యమును విచారింతము. ప్రతాపరెడ్డిగారికి లేని సాధనములు మనకు కలవు. 1992లో జరిగిన 73వ రాజ్యాంగ సవరణమువలన పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు పదునొకండవ అనుబంధములో చేరినవి. వానిలో గ్రంథాలయములు ఒకటి, సాంస్కృతిక కార్యములు వేఱొకటి. 1960 నాటి గ్రంథాలయ శాసనము ననుసరించి ఇంటి పన్నుతోపాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్నును పంచాయతీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయవలెను. వేయి రూపాయల పన్నుకు 80 రూపాయలు. కర్మాగారములున్న ఊళ్లలో ఈ మొత్తము చిన్నది కాదు. వసూలైన సొమ్ము జమ కాకున్నచో అది పుస్తకములకు చేరదు. జమయైనను ఊరు అడుగకున్నచో తిరిగి ఊరికి రాదు. కనుక గ్రామసభలో ఈ పద్దును చదివించి వినుట ప్రతి చందాదారుని హక్కు, విధి కూడ.

సొమ్ముతో పనిలేని కార్యములును కలవు. పంచాయతీ ఒక చిట్టాను తెఱవవలెను. ఊరిలోని శాసనపు రాళ్లు, పాత బావులు, చెఱువుల పేర్లు, చేల పేర్లు, బతుకమ్మ పాటలు పాడు వృద్ధ స్త్రీలు, ఒగ్గు కథ, చిందు భాగవతము ఎఱిగినవారు, చిన్ననాటి ఆటలు, ఇవన్నియు అందు ఎక్కవలెను. పొలములు కర్మాగారములైనపుడు పొలము వెలతో పాటు పొలము పేరును వ్రాసికొన్నవారు అరుదు. దూర రాష్ట్రములనుండి పనికై వచ్చి మన మధ్య కాపురమున్నవారి పాటలకును ఆ చిట్టాలో తావుండవలెను. పరభాషీయుని ఆదరించుట పటాన్‌చెరువునకు క్రొత్త కాదు. చిట్టా ప్రతి గ్రంథాలయమున ఉండవలెను. పండుగనాడు పంచాయతీ పందిరి వేసి ఆ కళాకారులను గౌరవింపవలెను.

ఇరువదియైదేండ్లు ఈ గ్రంథాలయమును నిలిపిన చందాదారులు ఈ పనికి అసమర్థులు కారు. ఒక్క వ్యక్తి ఒక చిన్న పత్రికతో 354 మంది కవులను వెలికి దేగలిగినపుడు, ఎన్నికైన పంచాయతీయు, చదువరుల సంఘమును కలిసి ఒక్క ఊరి సంపదను లెక్క వ్రాయలేవా? ముందుగా మన ఊరి ముసలివారి వద్దకు పోయి అడుగుదము. వారు ఉండగనే అడుగుదము. ప్రతాపరెడ్డిగారికి మనము సమర్పింపగల నివాళి అదియే.