కాకినాడకు దేహాన్నిచ్చిన హాల్డేన్

1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో ఓ పెద్దాయన క్యాన్సర్‌తో కన్నుమూశారు. వీలునామాలో ఆయన రాసిపెట్టుకున్న కోరిక చిత్రమైనది. తన దేహం కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాల విద్యార్థుల చదువుకూ, పరిశోధనకూ ఉపయోగపడాలన్నది. పుట్టింది ఆక్స్‌ఫర్డ్‌లో, పేరు తెచ్చుకున్నది లండన్‌లో. చివరికి భారత పౌరుడిగా వెళ్లిపోయారు. ఆయనే జె.బి.ఎస్. హాల్డేన్. మేనరికాల వల్ల పిల్లలకు జబ్బులొస్తాయా అని డాక్టరును అడిగే ప్రతి తెలుగు కుటుంబానికీ ఈయన కథతో కాస్త సంబంధం ఉంది.

హాల్డేన్ 1892 నవంబరు 5న పుట్టారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శరీరధర్మ శాస్త్రవేత్త. బొగ్గు గనుల్లోని విషవాయువులు మనిషిని ఎలా చంపుతాయో పరిశోధించేవారు. కొడుకును పసితనం నుంచే వెంట తిప్పుకుంటూ, ప్రయోగాల్లో అతన్నే కూర్చోబెట్టేవారు. ఆ అలవాటు పెద్దయ్యాకా పోలేదు. రక్తంలో ఆమ్లం పెరిగితే ఏమవుతుందో చూడటానికి హాల్డేన్ అమ్మోనియం క్లోరైడ్ కలిపిన నీళ్లు తాగారు. జలాంతర్గామి సిబ్బంది ప్రాణాల కోసం ఒత్తిడి గదుల్లో కూర్చుని వెన్నుపూస దెబ్బతీసుకున్నారు, చెవిపోటుకు చిల్లు పెట్టించుకున్నారు. దయచేసి ఇవేవీ ఇంట్లో ప్రయత్నించకండి!

విచిత్రం ఏమిటంటే, ఆయనకు సైన్సులో డిగ్రీ లేదు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివింది గణితం, గ్రీకు, లాటిన్ సాహిత్యాలు. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడి, కోలుకోవడానికి 1917లో భారత్‌కు వచ్చినప్పుడే ఈ దేశం ఆయన మనసులో పడింది. ఆ తర్వాత కేంబ్రిడ్జిలో జీవరసాయన శాస్త్రం బోధించారు. 1933 నుంచి లండన్ యూనివర్సిటీ కాలేజీలో జన్యుశాస్త్ర ఆచార్యుడు. లెక్కలు తెలిసినవాడు కాబట్టి, ఒక్కొక్క రోగిని కాక, మొత్తం జనాభాను చూడటం మొదలుపెట్టారు. ఒక జన్యువు తరతరాలకూ జనంలో ఎలా పెరుగుతుంది, ఎలా తరుగుతుంది అన్నది ఆయన ప్రశ్న. హీమోఫీలియా రోగుల లెక్కలతో, మనుషుల్లో ఓ జన్యువు ఎంత తరచుగా మారుతుందో 1935లో అంచనా కట్టారు. థలసీమియా జన్యువు ఒకటే ఉన్నవారికి మలేరియా నుంచి కొంత రక్షణ ఉండొచ్చని 1949లో సూచించారు. ఇలాంటిదే సికిల్ సెల్ జబ్బు విషయంలో కొన్నేళ్లకే ఆఫ్రికాలో రుజువైంది. మన ఏజెన్సీ ప్రాంతాల్లో సికిల్ సెల్ ఎందుకు ఎక్కువో అర్థం చేసుకోవడానికి ఈ ఆలోచనే దారి.

అన్నీ ఒప్పులే చేశారని కాదు. కమ్యూనిస్టు అభిమానంతో, సోవియట్ జన్యుశాస్త్రాన్ని నాశనం చేసిన లైసెంకోను చాలాకాలం గట్టిగా తప్పుపట్టలేకపోయారు. ఇంత నిక్కచ్చి మనిషిలో అది పెద్ద మచ్చే.

1957లో, సూయజ్ కాలువ యుద్ధంలో బ్రిటన్ తీరును నిరసిస్తూ, భార్య హెలెన్ స్పర్వేతో కలిసి కలకత్తా చేరారు. మహలనోబిస్ నెలకొల్పిన భారతీయ గణాంక సంస్థ ఆయనకు చోటిచ్చింది. అప్పటికే ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన సి.ఆర్. రావు అక్కడ ఉన్నారు. 1959 నాటి చట్టంతో ఆ సంస్థకు డిగ్రీలిచ్చే అధికారం వచ్చింది. అక్కడి గొప్పతనం ఒకటుంది. గణాంక శాస్త్రజ్ఞుడు, జీవశాస్త్రజ్ఞుడు, జనాభా లెక్కలు తీసేవాడు ఒకే ప్రాంగణంలో పనిచేసేవారు. ఖరీదైన పరికరాలు లేవు. హాల్డేన్‌కు వాటి అవసరమూ పెద్దగా కనిపించలేదు. మన దేశంలో సరిగ్గా లెక్కపెట్టడమే పరిశోధన అన్నది ఆయన పద్ధతి. ఒక శిష్యుడు పారిజాతం పూల రెక్కలు లెక్కపెట్టాడు. మరొకరు కొబ్బరిచెట్ల ఆకులు ఎడమవైపు తిరుగుతున్నాయా, కుడివైపా అని తేల్చారు.

పిఠాపురం కుర్రాడు ద్రోణంరాజు కృష్ణారావు కూడా శిష్యుడిగా చేరారు. చెవుల మీద వెంట్రుకలు తండ్రి నుంచి కొడుకులకు ఎలా వస్తాయో తెలుగు కుటుంబాల వంశవృక్షాలతో పరిశీలించారు. అంతకన్నా ముఖ్యమైనది మేనరికాల లెక్క. మేనమామ, మేనకోడలి పెళ్లిళ్లు యూరప్‌లో దాదాపు లేవు. ఆంధ్రలో అవి మామూలు. హాల్డేన్ 1939లోనే బంధువుల పెళ్లిళ్ల మీద గణిత వ్యాసం రాసి ఉన్నారు. ద్రోణంరాజు, మీరాఖాన్‌లు కలిసి ఆంధ్రప్రదేశ్‌లో ఈ పెళ్లిళ్లు ఎన్ని, వాటి ప్రభావం ఏమిటి అని సర్వే చేసి 1960లోనూ, 1963లోనూ ప్రచురించారు.

ఆ లెక్క కష్టమేమీ కాదు. ప్రతి జన్యువూ మనకు జంటగా వస్తుంది, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఆ రెండూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చిన ఒకే ప్రతి అయ్యే అవకాశం మేనత్త, మేనమామ పిల్లలు పెళ్లి చేసుకుంటే పుట్టే బిడ్డలో 16లో 1 వంతు. మేనమామ, మేనకోడలు అయితే 8లో 1 వంతు. ఆ ప్రతిలో లోపం ఉంటేనే చిక్కు. భార్యాభర్తలిద్దరూ ఒకే లోపాన్ని మోస్తుంటే ప్రతి కాన్పులో జబ్బు వచ్చే అవకాశం 4లో 1 వంతు. అంటే మేనరికం చేసుకున్న ప్రతి జంటకూ జబ్బు బిడ్డే పుడతాడని కాదు, ఏమీ కాదనీ కాదు. కుటుంబంలో థలసీమియా, పుట్టు చెవుడు లాంటివి ఉంటే మాత్రం పెళ్లికి ముందో, గర్భానికి ముందో జన్యు నిపుణుల సలహా తీసుకోవడం మంచిది.

1961లో హాల్డేన్ భారత పౌరసత్వం తీసుకున్నారు. పంచె, లాల్చీ కట్టి, శాకాహారిగా మారారు. అదే ఏడాది మహలనోబిస్‌తో పొసగక సంస్థను వదిలేశారు. ఒకే కప్పు కింద ఇద్దరు పెద్ద మనుషులు ఇమడటం ఎప్పుడూ కష్టమే. బిజూ పట్నాయక్ ముఖ్యమంత్రిగా ఉన్న ఒడిశా ప్రభుత్వం పిలిచి, 1962లో భువనేశ్వర్‌లో జన్యుశాస్త్ర ప్రయోగశాల పెట్టించింది. రెండేళ్లయినా గడవకముందే పురీషనాళ క్యాన్సర్ బయటపడింది. లండన్‌లో ఆపరేషన్ చేయించుకుని, మంచం మీదే తన జబ్బు గురించి ఓ హాస్య కవిత రాశారు. రక్తం పడుతుంటే సిగ్గుపడి దాచకుండా త్వరగా డాక్టరును కలవమని అందులో జనానికి చెప్పారు.

ఆయన పోయాక హెలెన్ ఇంగ్లండ్‌కు తిరిగి వెళ్లలేదు. ఇక్కడే ఉండిపోయి, 1978లో హైదరాబాద్‌లో మరణించారు.