బొంగరం జట్టు నాయకుడు – ఫ్రిట్జ్ షెపాన్



ఫుట్‌బాల్ అనగానే మనకు గోల్స్ కొట్టిన వాళ్ళ పేర్లే గుర్తుకు వస్తాయి. కానీ మైదానం మధ్యలో ఉండి, వెనుక వాళ్ళ దగ్గర బంతి అందుకుని, ముందున్న వాళ్ళకు సరైన సమయంలో అందించే ఆటగాడు లేకపోతే గోల్స్ రావు. అతడినే మిడ్‌ఫీల్డర్ అంటారు. 1930లలో జర్మనీలో అటువంటి వారిలో అందరికన్నా పేరు పొందినవాడు ఫ్రిట్జ్ షెపాన్. తర్వాత కోచ్‌గా కూడా ఒక జట్టును దేశ ఛాంపియన్‌గా నిలిపాడు. అతని జీవితంలో మనం మెచ్చుకోవలసినవి ఎన్నో ఉన్నాయి. మెచ్చుకోలేనిది కూడా ఒకటి ఉంది. రెండూ తెలుసుకుందాం.

షెపాన్ 1907 సెప్టెంబరు 2న జర్మనీలోని గెల్జెన్‌కిర్షెన్ పట్టణంలో జన్మించాడు. అది రూర్ అనే బొగ్గు గనుల ప్రాంతం. గనుల్లో పని కోసం తూర్పు ప్రష్యాలోని మసూరియా ప్రాంతం నుండి వేలాది కుటుంబాలు అక్కడికి వలస వచ్చాయి. షెపాన్ తల్లిదండ్రులు కూడా అలా వచ్చినవారే. ఆ కుటుంబాల పేర్లు, మాట తీరు వేరుగా ఉండేవి. అందుచేత చాలామంది వారిని పరాయివారిగా చూసి చిన్నచూపు చూసేవారు. ఆ పట్టణంలోని షాల్కే అనే పేటలో 1904లో కుర్రవాళ్ళు కలిసి ఒక ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టుకున్నారు. అదే నేటి ప్రసిద్ధ షాల్కే 04 క్లబ్బు. ఆ క్లబ్బును పోలెండు వాళ్ళ జట్టు అని ఎగతాళి చేసేవారు.

షెపాన్ ఈ క్లబ్బులోనే ఆటగాడిగా ఎదిగాడు. అతనికి తోడుగా ఎర్న్‌స్ట్ కుజోరా అనే గని కార్మికుడు ఉండేవాడు. కుజోరా సోదరిని షెపాన్ పెళ్ళి చేసుకోవడంతో స్నేహితులు కాస్తా బావా బావమరుదులు అయ్యారు. ఇంగ్లండులో పెరిగి వచ్చిన బాల్‌మన్ సోదరులు ఈ జట్టుకు దగ్గర దగ్గరగా బంతి అందించుకునే ఆట నేర్పారు. బంతి ఒకరి కాలి నుండి మరొకరి కాలికి ఆగకుండా తిరుగుతూ ఉంటే ఎదుటి జట్టు వాళ్ళకు తల తిరిగిపోయేది. అందుకే ఈ ఆటకు జర్మన్లు షాల్కే బొంగరం అని పేరు పెట్టారు. షెపాన్ వేగంగా పరుగెత్తేవాడు కాదు. కానీ ఎవరు ఎక్కడ ఉన్నారో ముందే చూసి, బంతిని వారి కాళ్ళ దగ్గరకే పంపేవాడు.

ఆ రోజుల్లో జర్మనీలో ఫుట్‌బాల్ ఆడి డబ్బు సంపాదించడం నిషిద్ధం. 1930 ఆగస్టులో షాల్కే ఆటగాళ్ళకు నియమాలకు మించి డబ్బు ఇచ్చారని తేలింది. మొదటి జట్టు మొత్తాన్ని ఆట నుండి నిషేధించారు. కూలి పని మానుకుని ఆడేవాళ్ళకు నాలుగు డబ్బులు ఇస్తే తప్పేమిటని కార్మికులు బాధపడ్డారు. దాదాపు తొమ్మిది నెలల తర్వాత నిషేధం తొలగింది. 1931 జూన్ 1న జట్టు మళ్ళీ ఆడినప్పుడు సుమారు 70 వేల మంది చూడటానికి వచ్చారు.

1934 షెపాన్ జీవితంలో మరువరాని సంవత్సరం. ఇటలీలో జరిగిన ప్రపంచ కప్‌లో అతని నాయకత్వంలో జర్మనీ, ఆస్ట్రియాను 3–2తో ఓడించి మూడవ స్థానం పొందింది. అదే జూన్ నెలలో బెర్లిన్‌లో దేశ ఛాంపియన్‌షిప్ ఫైనల్ జరిగింది. న్యూరెంబర్గ్ జట్టు 1–0 ఆధిక్యంలో ఉంది. ఆట ముగియడానికి రెండు మూడు నిమిషాలే ఉండగా షెపాన్ గోల్ చేసి సమం చేశాడు. చివరి నిమిషంలో కుజోరా రెండవ గోల్ చేశాడు. గని కార్మికుల జట్టు మొదటిసారి ఛాంపియన్ అయింది. ఆ తర్వాత 1935, 1937, 1939, 1940, 1942లలో కూడా గెలిచింది. 1939 ఫైనల్‌లో వియన్నాకు చెందిన అడ్మిరా జట్టును 9–0తో ఓడించింది. షెపాన్ దేశం తరపున 34 మ్యాచ్‌లు ఆడాడు. వాటిలో 30 మ్యాచ్‌లకు అతడే కెప్టెన్.

అయితే మిత్రులారా, ఇవి హిట్లర్ పాలనా కాలపు సంవత్సరాలు. 1933 నుండి యూదుల ఉద్యోగాలు, వ్యాపారాలు, హక్కులు ఒక్కొక్కటిగా లాక్కున్నారు. షాల్కే క్లబ్బు ఉపాధ్యక్షుడిగా ఉన్న ఒక యూదు దంత వైద్యుడు కూడా ఆ సంవత్సరమే పదవి వదులుకోవలసి వచ్చింది. షెపాన్ 1937లో హిట్లర్ పార్టీలో చేరాడు. 1938లో షాల్కే మార్కెట్‌లో యూదులు నడుపుతున్న ఒక బట్టల దుకాణాన్ని తన పేరు మీదికి తీసుకున్నాడు. యూదులు తమ వ్యాపారాలు అమ్ముకోక తప్పని పరిస్థితి కల్పించిన కాలం అది. వచ్చిన ధరకు ఇచ్చేయవలసిందే. ఆ దుకాణం యజమానులను తర్వాత లాత్వియాలోని రీగా నగరానికి తరలించారు. వారు అక్కడి నుండి తిరిగి రాలేదు, హతులయ్యారు. షెపాన్ దుకాణం మాత్రం నడిచింది.

యుద్ధం ముగిశాక 1949లో షెపాన్ షాల్కే కోచ్ అయ్యాడు. 1954 వరకు ఆ పనిలో ఉన్నాడు. తర్వాత పక్క నగరమైన ఎస్సెన్‌లో రాట్ వైస్ జట్టుకు కోచ్‌గా వెళ్ళాడు. 1954 ప్రపంచ కప్ ఫైనల్‌లో గెలుపు గోల్ చేసిన హెల్ముట్ రాన్ ఆ జట్టు ఆటగాడే. 1955 ఫైనల్‌లో వారి ప్రత్యర్థి కైజర్స్‌లౌటర్న్. ప్రపంచ కప్ గెలిచిన జట్టుకు ఐదుగురు ఆటగాళ్ళను ఇచ్చిన క్లబ్బు అది. షెపాన్ జట్టు 4–3తో గెలిచింది. ఆటగాడిగా ఆరుసార్లు అందుకున్న గౌరవాన్ని కోచ్‌గా మరోసారి అందుకున్నాడు. 1964 నుండి 1967 వరకు షాల్కే అధ్యక్షుడిగా కూడా పనిచేశాడు. 1974 డిసెంబరు 14న పుట్టిన ఊరిలోనే కన్నుమూశాడు.

అతడు చనిపోయిన చాలా ఏళ్ళకు, 2001లో, గెల్జెన్‌కిర్షెన్‌లో కొత్త స్టేడియం దగ్గర ఒక దారికి అతని పేరు పెట్టాలనుకున్నారు. అప్పుడు దుకాణం సంగతి బయటకు వచ్చింది. ఆ ఆలోచన విరమించుకున్నారు. షాల్కే క్లబ్బు కూడా హిట్లర్ కాలంలో తాను ఎలా నడుచుకున్నదో పరిశోధకుల చేత పరిశీలింపజేసింది. 2005లో అది పుస్తకంగా వచ్చింది. గెలిచిన కప్పులతో పాటు ఆ విషయాలు కూడా ఇప్పుడు క్లబ్బు చరిత్రలో భాగమే.

పరాయివాడని చిన్నచూపుకు గురైన పేటలో పుట్టి, ఆటతో తలెత్తుకున్నవాడు షెపాన్. తలవంపులు అంటే ఏమిటో అతనికి తెలియనిది కాదు. అయినా తన పేటలోనే, తన మార్కెట్‌లోనే మరొకరిని వెలివేస్తున్నప్పుడు వారి పక్కన నిలబడలేదు. పైగా వారికి చెందినది తాను తీసుకున్నాడు. అతని ఆటను మనం నేర్చుకోవచ్చు. పరుగులో వెనుకబడినా చూపుతో, ఆలోచనతో ముందుండవచ్చని, బంతిని ఒక్కడే ఉంచుకోకుండా అందరికీ అందిస్తేనే జట్టు గెలుస్తుందని అతడు చూపించాడు.

ఈ వార్షికోత్సవంలో ఆటల పోటీల్లో కప్పులు అందుకోబోయే మిత్రులందరికీ అభినందనలు. మనలో ఎవరు ఎంత పైకి వెళ్ళినా, మన పక్క గదిలోనో పక్క వీధిలోనో ఎవరినైనా వేరు చేసి కూర్చోబెడుతుంటే, వెళ్ళి వారి పక్కన కూర్చుందాం. ఆ గెలుపుకు కప్పు ఉండదు. అయినా మన పేరు తలచుకునేవాళ్ళు దాన్ని కూడా లెక్కపెడతారు.